తోడికోడలి సాక్ష్యం

ఆసుపత్రి వెనకవైపు, బట్టలుతికే గదికీ ఆక్సిజన్ సిలిండర్లు పెట్టే షెడ్డుకీ మధ్య ఒక పొడుగాటి గది ఉండేది. బయట బోర్డు మీద ఏదో నోరు తిరగని పేరు రాశారు గానీ, గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి పై అంతస్తు డాక్టర్ల దాకా అందరూ దాన్ని కాళ్ళ గది అనే అనేవారు. ప్రమాదాల్లోనో, షుగరు జబ్బుతోనో కాలు పోగొట్టుకున్నవాళ్ళకి అక్కడ కట్టుడు కాళ్ళు చేసి తొడిగేవారు. ఆ గది తెరిచిన రోజు నుంచీ అక్కడే పనిచేస్తున్న ఆమెకి కూడా ఆ పేరే అంటుకుంది. కాళ్ళక్క. తండ్రి వయసువాళ్ళు కూడా "కాళ్ళక్కా, ఇక్కడ ఒరుసుకుంటోందమ్మా" అని ఆమెనే పిలిచేవారు.

పని తేలికైనదేం కాదు. తెగిన కాలి మోడుకి తడి ప్లాస్టర్ బట్ట చుట్టి అచ్చు తియ్యాలి. ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక వచ్చిన బొమ్మని ఆకురాయితో అరగదియ్యాలి. ఓవెన్లో మెత్తబడ్డ ప్లాస్టిక్ రేకుని పైకి తీసి, అది చల్లారేలోపు ఆ బొమ్మ మీద సాగదీసి పరవాలి. ఇదంతా ఒక ఎత్తు, మనిషిని రెండు కడ్డీల మధ్య నిలబెట్టి మొదటి అడుగు వేయించడం ఒక ఎత్తు. చాలామంది ఆ అడుగు దగ్గర ఏడ్చేవారు. కాళ్ళక్క ఓదార్చేది కాదు. "కిందకి చూడకండి, ఎదురుగా గోడ చూడండి. కాలెక్కడికీ పోదు, నేను పట్టుకునే ఉన్నాను" అనేది. వాళ్ళు గోడ చూస్తూ నడిచేవారు.

ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. పదకొండు నెలలకని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకునేవారు. అది అయిపోగానే ఒక రోజు ఖాళీ చూపించి, మర్నాడు మళ్ళీ అలాంటి కాగితమే ముందుకి తోసేవారు. ఆ ఖాళీ రోజున కూడా కాళ్ళక్క వచ్చేది. కర్రల మీద అంత దూరం నుంచి వచ్చినవాళ్ళకి ఇవాళ నేను ఉద్యోగంలో లేను, వెళ్ళి రండి అని ఎలా చెబుతుంది? హాజరు పట్టీలో సంతకం మాత్రం ఉండేది కాదు. "ఇవాళ నువ్వు లేవు కదక్కా, మరి లోపలికెళ్ళింది ఎవరు?" అని వాచ్‌మన్ హాస్యమాడేవాడు. "నా దెయ్యం" అనేది ఆమె. అలా ఏళ్ళు గడిచిపోయాయి. ఆ కాగితం సంగతి ఆమె ఇంచుమించు మరిచేపోయింది.

మరిదికి పెళ్ళయ్యాక వచ్చిన చిన్నకోడలు ఇంట్లో ఊరికే కూర్చోలేకపోయింది. కాళ్ళక్కే ఆ విభాగం డాక్టరుగారిని అడిగి ఆమెని పనిలో పెట్టించింది. ప్లాస్టర్ ఎంత పలచగా కలపాలో, మోడు మీద ఎక్కడ నొక్కాలో, ఎక్కడ నొక్కకూడదో, చెయ్యి మీద చెయ్యి వేసి నేర్పింది. ఇద్దరూ ఒకే బస్సెక్కి వెళ్ళేవారు, ఒకే బస్సులో గోళ్ళ సందుల్లో తెల్ల పొడితో తిరిగొచ్చేవారు. ఇంటి పని ఒకరు మొదలుపెడితే ఇంకొకరు ముగించేవారు. "తోడికోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అంటారు. మా ఇంట్లో పాలూ నీళ్ళలా కలిసిపోయారు. ఏవి పాలు, ఏవి నీళ్ళు అని మాత్రం నన్నడక్కండి" అనేది అత్తగారు, వచ్చినవాళ్ళందరితోనూ.

ఓవెన్ తలుపు గొళ్ళెం వదులైంది. కాళ్ళక్క నోటిమాటగా ఎన్నోసార్లు చెప్పింది. చూద్దాం అన్నారు. ఒకరోజు రేకు బయటికి తీస్తుంటే తలుపు దానంతటదే జారి ఆమె మోచేతిని తాకింది. చేతిలో ఉన్న వేడి రేకు ఎడమ చేతి మీద పడి మణికట్టు దాకా అంటుకుపోయింది. అదే ఆసుపత్రిలో కట్టు కట్టారు, మందులిచ్చారు, బాగానే చూశారు. కానీ పనిచేస్తుండగా జరిగిన ప్రమాదమని రాయమంటే సూపరింటెండెంటు ఒప్పుకోలేదు. వైద్యం జరుగుతోంది కదా, రాతకోతలు దేనికన్నాడు. ఆమె ఊరుకోవలసిందని తర్వాత చాలామంది అన్నారు. ఆమె ఊరుకోలేదు. కాలని చేత్తో అర్జీ రాసింది. ప్రమాదం నమోదు చెయ్యమంది, ఓవెన్ బాగుచేయించమంది. పనిలోపనిగా, ఇన్నేళ్ళ నుంచి చేస్తున్నందుకు తనని పర్మనెంటు చెయ్యమని కూడా చివర్లో ఒక వాక్యం చేర్చింది.

ఓవెన్ బాగైంది. ఆమె కాంట్రాక్టు గడువు దాటిన మర్నాడు గదిలో మిగతావాళ్ళందరికీ కొత్త కాగితాలు వచ్చాయి, ఆమెకి రాలేదు. ఆఫీసులో పొరపాటేమోనని అడగడానికి వెళ్ళింది. గుమాస్తా తలెత్తకుండా సూపరింటెండెంటు గది చూపించాడు. నన్నెందుకు తీసేశారని ఆమె అడిగితే సూపరింటెండెంటుకి కోపం కూడా రాలేదు.

"నిన్నెవరూ తీసెయ్యలేదమ్మా. గడువు ముగిసింది. మందు సీసా మీద తేదీ ఉంటుంది చూడు, ఆ తేదీ దాటితే మేం సీసాని శిక్షించినట్టా?"

ఆమె బయటికొచ్చి కాళ్ళ గది వైపు నడిచింది. ఆ పూట కొత్త కాలు తొడిగించుకోవలసిన లారీ డ్రైవరొకడు కడ్డీల దగ్గర కూర్చుని ఎదురుచూస్తున్నాడు. ఆమె అతని దగ్గరికి వెళ్ళబోతే డాక్టరుగారు అడ్డొచ్చి, నొచ్చుకుంటూనే, లోపలికి రావద్దని మెల్లగా చెప్పాడు. చిన్నకోడలు చేతులకి ప్లాస్టర్‌తో నిలబడి చూస్తూ ఉంది.

కోర్టుకెళ్తానంటే ఇంట్లో భర్త వద్దన్నాడు. అతను కరెంటు మిస్త్రీ, తగాదాలంటే గిట్టని మనిషి. కోర్టు మెట్లెక్కి బాగుపడ్డవాణ్ణి తానెక్కడా చూళ్ళేదనీ, చెప్పులు కుట్టేవాడు తప్ప ఎవడూ లాభపడడనీ అన్నాడు. ఆమె వినలేదు. డబ్బు కోసమైతే ఎక్కడైనా పని దొరుకుతుంది. ఆమెకి కావలసింది ఒక్కటే. తనని తీసేశారని ఎవరో ఒకరు ఒప్పుకోవాలి.

జిరాక్స్ కొట్టు పైన చిన్న గదిలో ఆఫీసు పెట్టుకున్న వకీలు దొరికాడు. ముసలాయన. గెలుస్తామని చెప్పడు, ఓడిపోతామనీ చెప్పడు. అంతా విని, గడువు ముగిసిందన్న మాటతో పోట్లాడలేమన్నాడు. అయితే ఏటేటా అదే పనికి అదే మనిషిని తీసుకుంటూ వస్తే, వచ్చే ఏడు కూడా తీసుకుంటారని ఆ మనిషి ఆశపడటం న్యాయమే అవుతుంది. కారణం లేకుండా ఆ ఆశని తెంచేస్తే, అది ఉద్యోగంలోంచి తీసెయ్యడంతో సమానం. కేసంతా ఆ ఒక్క దారం మీద నడవాలి.

"మీకు ఆ ఆశ ఉండేదని మనం రుజువు చెయ్యాలమ్మా" అన్నాడు.

"ఆశకి కూడా సాక్ష్యం కావాలా వకీలుగారూ?"

"కోర్టులో ఆశకే ఎక్కువ కావాలి. ఏడుపుకి అక్కర్లేదు, అది కళ్ళకి కనిపిస్తుంది."

వాయిదా మీద వాయిదా పడుతూ వచ్చింది. జడ్జిగారు సెలవు, అవతలి వకీలు ఊళ్ళో లేడు, ఫైలు దొరకలేదు. కాళ్ళక్క ప్రతిసారీ ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళి, వరండా బల్ల మీద కూర్చుని తిరిగొచ్చేది. చిన్నకోడలు ఇప్పుడు ఒక్కతే బస్సెక్కుతోంది. మొదట్లో సాయంత్రాలు వంట దగ్గర కబుర్లన్నీ మోసుకొచ్చేది. లారీ డ్రైవరు నడుస్తున్నాడనీ, కొత్తగా చేరినమ్మాయి అచ్చులు పగలగొడుతోందనీ, అందరూ కాళ్ళక్క ఏదని అడుగుతున్నారనీ చెప్పేది. రానురాను ఆ కబుర్లు తగ్గాయి. అలసిపోయిందేమో అనుకుంది పెద్దామె.

అవతలి పక్షం తమ సాక్షిగా ఎవరిని పిలిచిందో వకీలు చెప్పిన రోజున, ఆమె ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చింది. చిన్నకోడలు వంటింట్లో కూరలు తరుగుతోంది. పెద్దామె ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుని, ఒక కాయ తీసుకుని తనూ తరగడం మొదలుపెట్టింది.

"చెబుదామనే అనుకున్నానక్కా" అంది చిన్నామె, కత్తి ఆపకుండా. "సాక్ష్యానికి రానంటే వచ్చే నెల నా కాగితం రాదు. సూపరింటెండెంటు పైకి అలా అనలేదు. నీ గడువు కూడా దగ్గరపడింది కదమ్మా అన్నాడు, అంతే."

మరిదికి పని ఒక నెలుంటే ఒక నెలుండదు. చిన్నామె జీతం మీదే వాళ్ళ పిల్ల బడి నడుస్తోంది. ఇదంతా పెద్దామెకి తెలియనిది కాదు. చేతిలో కాయ తరగడం ముగించింది. తర్వాత, వెళ్ళమంది. నీ నోటి దగ్గరిది లాక్కుని నేను తినలేనంది.

"లేనిది చెప్పకు, ఉన్నది దాచకు. అంతకంటే నిన్నేమీ అడగను."

"నీ మీద ఒట్టక్కా" అంది చిన్నామె, తడిచేత్తో ఆమె మోకాలు పట్టుకుని.

సాక్ష్యం రోజున ఒకే ఇంట్లోంచి ఇద్దరూ కోర్టుకి బయల్దేరారు. కాళ్ళక్క భర్త స్కూటరు మీద వెళ్ళింది, చిన్నకోడలిని ఆసుపత్రి కారొచ్చి ఎక్కించుకుంది. అత్తగారు గుమ్మంలో నిలబడి ఎవరికి జాగ్రత్తలు చెప్పాలో తెలియక లోపలికెళ్ళిపోయింది.

ఆసుపత్రి వకీలు కుర్రవాడే గానీ ఆచితూచి మాట్లాడేవాడు. పని ఎవరు నేర్పారు, ఎలా చేరారు అంటూ మొదలుపెట్టి, మొదటి రోజు కాంట్రాక్టు కాగితం చూసినప్పుడు మీ తోడికోడలు మీతో ఏమన్నదని అడిగాడు. చిన్నకోడలు ఆసుపత్రిలో ఎవరితో ఎప్పుడు చెప్పిందో ఆ మాట, అది వాళ్ళ చెవిన పడింది. చిన్నకోడలు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

"ఇది పోయే ఉద్యోగమే అనుకుని చెయ్యి అంది."

బోనుకి ఎదురుగా బల్ల మీద కూర్చున్న కాళ్ళక్కకి ఆ రోజు మొత్తం కళ్ళ ముందు కదిలింది. కాగితం చివర్న ఉన్న ముగింపు తేదీ చూసి చిన్నకోడలు బెంగపడిపోయింది, చేరకముందే పోయే తేదీ రాశారేమిటక్కా అంటూ. అప్పుడు తను నవ్వి అన్న మాట అది. కానీ అంతటితో ఆగలేదు. "ఇది పోయే ఉద్యోగమే అనుకుని చెయ్యి. అలా అనుకుంటే ఉంటుంది. నన్ను చూడు, ఏటా పోతూనే ఉన్నాను, ఏటా ఉంటూనే ఉన్నాను. మనం రాకపోతే ఈ గది తలుపు తీసేదెవరు?" అంది. కొత్త చీర బాగుందంటే ఆఁ, ఏం బావుందిలే అంటాం చూడండి, దిష్టి తగలకుండా. అలాంటి మాట.

ముసలి వకీలు లేచాడు. ఆ తర్వాత ఆమె ఇంకేమన్నది, చెప్పమన్నాడు.

చిన్నకోడలు పెద్దామె వైపు చూడలేదు. గోడ వైపు చూసింది.

"గుర్తు లేదండి."

బాగా ఆలోచించుకుని చెప్పమన్నాడు వకీలు. వెంటనే, ఆ గదిలో నిలబడే ఇంకో మాట అనలేదా అని అడిగాడు. చిన్నకోడలు మళ్ళీ అదే చెప్పింది. మూడోసారి అడగబోతే జడ్జిగారు, సాక్షి గుర్తు లేదంటున్నారు కదా, ముందుకెళ్ళమన్నారు.

తర్వాత కాళ్ళక్కని బోనెక్కించి, ఆ మాట మీరన్నారా లేదా అని అడిగారు. అనలేదంటే అయిపోయేది. ఆమె మాటకి ఈమె మాట, విన్న మూడో మనిషి లేరు. కానీ ఆమె నోట అబద్ధం రాలేదు. అన్నానంది. అని, తర్వాత ఇంకో మాట కూడా అన్నానంది. అది విన్నవారెవరని ఆసుపత్రి వకీలు మర్యాదగానే అడిగాడు. విన్న ఒక్క మనిషీ అప్పుడే గుర్తు లేదని చెప్పి బోను దిగి, వెనక బల్ల మీద కూర్చుని ఉంది.

ఇంటికొచ్చాక గొడవేమీ జరగలేదు. జరిగుంటే బాగుండేదేమో. అత్తగారు అందరికీ వడ్డించింది, అందరూ తిన్నారు. అన్నదమ్ములిద్దరూ కరెంటు బిల్లు గురించి మాట్లాడుకున్నారు. కాళ్ళక్క కంచం కడుక్కుని లోపలికెళ్ళి పడుకుంది. చిన్నకోడలికి ఆ నెల కొత్త కాగితం వచ్చింది.

తీర్పు కొన్ని వారాలకి వచ్చింది. ఇది తాత్కాలికమైన ఉద్యోగమని తెలిసి, తన కింద చేరినవారికి కూడా ఆ సంగతి తనే చెప్పిన మనిషికి, కొనసాగిస్తారన్న ఆశ ఉండేదని నమ్మలేమని రాశారు. ఆమె పనిలో లోపమేదీ లేదని కూడా ఒక ముక్క రాశారు. వకీలు ఆ ముక్కని రెండుసార్లు చదివి వినిపించాడు, కనీసం అదన్నా ఆమెకి ఊరట అవుతుందేమోనని.

"అంటే నాకు ఆశ లేదని వాళ్ళు తేల్చారు" అంది ఆమె.

పైకోర్టుకి వెళ్ళచ్చన్నాడు. భర్త ఆమె మొహం చూసి, ఇంక చాలన్నాడు. ఈసారి ఆమె విన్నది.

ఇల్లు రెండైంది. గోడ కట్టలేదు గానీ పొయ్యిలు వేరయ్యాయి. పైన గది చిన్నవాళ్ళది, కింద గది పెద్దవాళ్ళది. అత్తగారు ఒక పూట పైన, ఒక పూట కింద తింటూ, "నాకిద్దరు కోడళ్ళున్నారని చెప్పుకుందామంటే ఇద్దరూ ఒక చోట దొరకరు" అని గొణుక్కునేది. కాళ్ళక్క ఇళ్ళ పైకప్పులకి ప్లాస్టర్ పువ్వులూ లతలూ అచ్చుపోసే ఒక చోట పనికి కుదిరింది. ప్లాస్టర్ అదే, చేతులు అవే. పువ్వులకి మాత్రం ఎక్కడ ఒరుసుకుంటోందో చెప్పడం రాదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా పనిచేసేది.

ఏడాది తిరక్కుండానే ఆసుపత్రి ఆ గదిని ఒక కంపెనీకి అప్పజెప్పింది. కాళ్ళిప్పుడు మూడు సైజుల్లో డబ్బాల్లో వస్తాయట. పాతవాళ్ళలో ఎవరికీ కొత్త కాగితాలు రాలేదు. చిన్నకోడలికీ రాలేదు. ఈ కబురు అత్తగారు కింద పూట తింటూ చెప్పింది. కాళ్ళక్కకి కడుపులో చల్లగా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడదామనుకుంది గానీ, ఎంత వెతుక్కున్నా సిగ్గు రాలేదు.

రెండు రోజులకి చిన్నకోడలు మెట్లు దిగొచ్చింది. గుమ్మం బయటే నిలబడి, ఆ వకీలు దగ్గరికి తీసుకెళ్తావా అక్కా అని అడిగింది. అంత కాలం తర్వాత ఆ నోటి నుంచి అక్కా అన్న పిలుపు వినడం అదే మొదలు. కాళ్ళక్క తీసుకెళ్ళింది. జాలిపడి వెళ్ళిందో, ఏం జరుగుతుందో చూడటానికి వెళ్ళిందో ఆమెకే తెలియదు.

ముసలి వకీలు ఇద్దరినీ చూసి కూర్చోమన్నాడు. చిన్నకోడలు చెప్పుకున్నదంతా విన్నాడు. పనిలో చేరిన రోజునే ఇది పోయే ఉద్యోగమని విన్నానని మీరే ప్రమాణం చేసి చెప్పారు కదమ్మా, ఆసుపత్రివాళ్ళు చేసేదల్లా ఆ సాక్ష్యం కాగితం తీసి జడ్జిగారి ముందు పెట్టడమే, మీ మాటే మీకు అడ్డం అన్నాడు. పెద్దామెకి లేని ఆశ, ఆమె కింద చేరిన మీకెక్కడి నుంచి వచ్చిందని అడుగుతారన్నాడు.

"రెండో మాట నాకు గుర్తుంది. ఇప్పుడు చెబుతాను" అంది చిన్నకోడలు.

"ఇప్పుడు గుర్తుందంటే అప్పుడు అబద్ధం చెప్పినట్టు. అలాంటి సాక్షిని నేనే నమ్మను, జడ్జి ఎలా నమ్ముతాడు?"

కాళ్ళక్క కుర్చీ ముందుకి జరుపుకుంది. ఆ రెండో మాట ఇప్పుడు చెబితే తన కేసులో పైకోర్టుకేమైనా పనికొస్తుందా అని అడిగింది. అప్పీలుకిచ్చిన రోజులు ఎప్పుడో దాటిపోయాయన్నాడు వకీలు. ఫీజు తీసుకోలేదు.

జిరాక్స్ కొట్టు పక్క మెట్ల మీద చిన్నకోడలు ఆగిపోయింది. కింద మిషను చప్పుడు చేస్తోంది.

"ఆ రోజు భయమేసిందక్కా. అబద్ధమైతే చెప్పట్లేదు కదా, గుర్తు లేదంటే ఎవరికీ నష్టం లేదనుకున్నాను."

"అబద్ధం చెప్పినా బావుండేది" అంది కాళ్ళక్క. "అబద్ధాన్ని వకీలు పట్టుకునేవాడు. మరుపుని ఎవరు పట్టుకుంటారు?"

చిన్నకోడలు కళ్ళు తుడుచుకుంది. బస్సు కోసం నిలబడ్డప్పుడు, నువ్వు చేసే చోట మనుషులు కావాలా అక్కా అని చాలా చిన్న గొంతుతో అడిగింది. ప్లాస్టర్ పని తనకీ వచ్చు కదా అంది. నిజానికి అక్కడ పని పేరుకుపోయి ఉంది. యజమాని, చెయ్యి తిరిగినవాళ్ళెవరైనా ఉంటే తీసుకురమ్మని కాళ్ళక్కని ఆ వారంలోనే అడిగాడు.

"అక్కర్లేదన్నారు" అంది కాళ్ళక్క.

బస్సొచ్చింది. ఇద్దరికీ పక్కపక్కనే చోటు దొరికింది.

చిన్నకోడలు తర్వాత ఒక బట్టల కొట్లో చీరలు మడతపెట్టే పనికి కుదిరింది. నిలబడి చెయ్యాలి, కూర్చోనివ్వరు. సాయంత్రం కాళ్ళు వాచి వచ్చి, మెట్ల మొదట్లో కాసేపు చతికిలబడి గానీ పైకెక్కేది కాదు. కాళ్ళక్క కిటికీలోంచి చూసేది. నీళ్ళొస్తున్నాయి, మోటారు ఆపు, అత్తయ్య మందులు మీ గదిలో ఉన్నాయి లాంటి మాటలు తప్ప వాళ్ళ మధ్య ఇంకేమీ లేవు. ఎప్పుడైనా మనసు కాస్త మెత్తబడ్డా, కోర్టు గోడ వైపు తిరిగిన ఆ మొహం గుర్తొచ్చి మళ్ళీ గట్టిపడిపోయేది.

అచ్చుల యజమాని ఇంకోసారి అడిగాడు. చేతికందిన పని వదులుకోవలసి వస్తోందనీ, మీ ఇంట్లోగానీ తెలిసినవాళ్ళలోగానీ ఈ పని వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరా అనీ. కాళ్ళక్క బకెట్లో నీళ్ళు పోసుకుంటోంది.

"లేరండి" అంది.

పొడి చల్లి కలపడం మొదలుపెట్టింది. ఒకసారి కలిపాక మాట్లాడుతూ నిలబడటానికి ఉండదు, గట్టిపడిపోతుంది.